సక్కుబాయి పెట్టిన పేరు

మా పక్క వాటాలో కిరాయికి ఉండే సక్కుబాయికి మనుషుల్ని అసలు పేర్లతో పిలవడం చేతకాదు. వాచ్‌మన్ ఐలయ్య ఆమె నోట్లో ‘మేనేజర్ సాబ్’ అయ్యాడు. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతానని నన్ను ‘పేపరమ్మ’ అంటుంది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పలకడం మర్చిపోయాను.

గోపన్‌పల్లిలో అపార్టుమెంట్ల మధ్య లేచిన ఒక పెద్ద బడిలో ఆమె బస్సు ఆయమ్మ. నిజాంపేట దాకా వెళ్ళి పిల్లల్ని ఎక్కించుకుని రావడం, వాంతి చేసుకుంటే తుడవడం, కొట్టుకుంటే విడదీయడం ఆమె పని. బస్సు నిండా బూరెబుగ్గలు, ముద్దపప్పులు, గడుగ్గాయిలు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఏరికోరి పెట్టుకున్న పేర్లకు ఆ బస్సులో విలువ లేదు.

ఆ బస్సు ఒకరోజు, కొత్తగా మూడో తరగతిలో చేరిన కెజియా ఇంటి దగ్గర ఆగింది. తల్లి దీనమ్మది బాపట్ల, కొండాపూర్‌లో నర్సు. తండ్రి టాంజానియా నుంచి చదువుకోవడానికి వచ్చి, ఆమెను పెళ్ళాడి, ఇక్కడే ఐటీ ఉద్యోగంలో స్థిరపడ్డాడు. పిల్లది తండ్రి రంగు, తండ్రి జుట్టు. తలంతా సన్నసన్న జడలు. లోపలున్న పిల్లలందరూ ఒక్కసారి తిరిగి చూసేసరికి కెజియా మెట్టు మీదే ఆగిపోయింది.

“రా, నా నల్ల బంగారమా! కిటికీ సీటు నీకే ఆపి పెట్టిన” అంది సక్కుబాయి.

పిల్ల ఎక్కింది. కాసేపు ఆలోచించి, “బంగారం నల్లగా ఉంటుందా?” అని అడిగింది.

“మా ఊర్ల నల్లగనే ఉంటది బిడ్డా. భూమి లోపటికెళ్ళి తీస్తరు. కరెంటు దానితోనే వస్తది. నువ్వు సూసే టీవీ గూడ దానితోనే.”

సక్కుబాయిది గోదావరిఖని. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అక్కడ బొగ్గును నల్ల బంగారం అనడం అందరికీ మామూలే. షిఫ్టు దిగి ఇంటికొచ్చి ఈమెను ఎత్తుకుని ఆయన పిలిచిన పిలుపు కూడా అదే. ఆ ఇంట్లో అందరూ తిన్నది ఆ నలుపు పెట్టిన అన్నమే. అందుకే ఆమెకు బంగారం కన్నా దాని ముందున్న మాటే ఎక్కువ ముద్దు. ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న తన పేరు తీసి ఆ పిల్లకు పెట్టింది.

ఆ రాత్రి కెజియా ఇంట్లో “నాతోనే కరెంటు వస్తుందట” అని ఎగిరిందట. మర్నాడు దీనమ్మ బస్సు దాకా వచ్చి, “ఇన్నేళ్ళలో మా పాప మొదటిసారి నవ్వుతూ బడి నుంచి వచ్చిందండి” అని సక్కుబాయి చెయ్యి పట్టుకుంది.

ప్రిన్సిపాల్ సంయుక్తది కరీంనగర్. పిల్లల తల్లిదండ్రులతో ఇంగ్లీషూ, పుస్తకాల తెలుగూ మాట్లాడినా, సక్కుబాయి కనిపిస్తే ‘సక్కక్కా’ అని సొంత ఊరి మాటలోకి దిగేది. ఆ దిగడానికే సక్కుబాయి పడిపోయింది. ఆ ఏడాది బడిలో ‘అందరి బడి’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. రంగు, మతం, ప్రాంతం చూడకుండా ప్రతి పిల్లా ఇది నా బడి అనుకోవాలట. గేటు దగ్గర ‘నల్ల బంగారం’ అన్న పిలుపు విని సంయుక్త పగలబడి నవ్వింది. “ఎంత మంచిగున్నదక్కా!” అంది. ఆ వారమే ప్రార్థన సమయంలో మైకు పట్టుకుని బొగ్గు కథంతా పిల్లలకు చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కెజియా మొహం వెలిగిపోయింది.

వేదిక దిగి వచ్చాక సక్కుబాయితో, “బస్సుల ఎవరన్న పిల్లను ఏమన్నంటే సీదా నాకాడికే రా అక్కా. నీ మీద ఈగ వాలనియ్య” అంది.

కొన్నాళ్ళకు వెనక సీట్ల పెద్ద పిల్లలు ఆ పేరును కొరికి చిన్నది చేశారు. నల్ల బంగారం కాస్తా ‘నల్లి’ అయింది. కెజియా పక్కన కూర్చోవలసి వస్తే ఎగిరి దూకడం, “నల్లి కుట్టింది” అని ఒళ్ళు గోక్కోవడం, ఆమె లేచాక సీటు దులపడం. పిల్ల కిటికీ సీటు వదిలేసింది. తర్వాత రోజూ పొద్దున కడుపునొప్పి మొదలైంది.

సక్కుబాయి బతిమాలి అడిగింది. “ఎవరో చెప్పు బిడ్డా. నీకేం కాదు, నేనున్న గదా.”

కెజియా ఆ మాట నమ్మి చెప్పింది. అన్నిటికీ ముందుండేది రామ్మోహనరావు గారి మనవడు. బడికి కొత్త భవనం కట్టించి ఇచ్చిన పెద్దమనిషి ఆయన. సక్కుబాయి అదేమీ ఆలోచించలేదు. సీదా సంయుక్త గదికి వెళ్ళి చెప్పింది.

“మంచి పని చేసినవక్కా. ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట” అంది సంయుక్త.

చూసుకుంది! ఎంత బాగా చూసుకుందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

రెండు రోజులకు అందరినీ కూర్చోబెట్టారు. రామ్మోహనరావు, దీనమ్మ, సంయుక్త కుర్చీల్లో. సక్కుబాయి గోడ పక్కన.

“మా వాడికి నలుపూ తెలుపూ తెలియదండి” అన్నాడు రామ్మోహనరావు. “ఆ పాపని రంగుతో పిలవడం మొదలుపెట్టింది మీ ఆయమ్మ. పిల్లలు పెద్దవాళ్ళని చూసే కదా నేర్చుకుంటారు?”

సంయుక్త గొంతు సవరించుకుంది. “సక్కుబాయి గారూ, మీరు పాపను నల్ల అని పిలిచేవారా?”

గారూ, మీరూ అనేసరికి సక్కుబాయి, ఇంకెవరినో అడుగుతోందేమోనని వెనక్కి చూసిందట.

“పిలిచిన మేడం. మీకు ఎరికే గదా? మీరే మైకుల అందరికీ చెప్పిన్రు.”

సంయుక్త మంచినీళ్ళ గ్లాసు వైపు చూస్తూ, “నాకు గుర్తు లేదండీ” అంది.

గుర్తు లేదట! బడి మొత్తం చప్పట్లు కొట్టిన కథ గుర్తు లేదట!

సక్కుబాయి దీనమ్మ వైపు చూసింది. దీనమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. “మీరు ప్రేమగానే అన్నారని నాకు తెలుసండి. కానీ దాన్ని పట్టుకునే కదండి మా పిల్లని నల్లి అన్నారు. ఎలాగోలా ఇది ఆగితే చాలండి” అంది. ఆమెను నేను తప్పుపట్టను. పిల్ల రోజూ ఏడుస్తూ ఇంటికి వస్తుంటే న్యాయం తూకం వేసుకునే ఓపిక ఏ తల్లికి ఉంటుంది?

తీర్పు వచ్చింది. కుర్రాళ్ళు చిన్నవాళ్ళు కాబట్టి వాళ్ళకు మంచి మాటలు చెప్తారు. సక్కుబాయి బస్సు దిగి బాత్రూముల పనికి మారాలి. సోమవారం ప్రార్థనలో అందరి ముందూ కెజియాకు క్షమాపణ చెప్పాలి. అప్పుడు గొడవ ముగిసిపోతుంది, పిల్ల ప్రశాంతంగా బస్సు ఎక్కుతుంది అన్నారు. ఆ చివరి మాట కోసమే సక్కుబాయి ఒప్పుకుంది.

“పరాయోళ్ళు అంటే పడేదాన్ని పేపరమ్మా” అంది నాతో ఆదివారం సాయంత్రం. “అక్కా అని పిలిచి ముంచింది. గదే కడుపుల మండుతుంది.” ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు.

సోమవారం వేదిక మీద ‘అందరి బడి’ అని పెద్ద బ్యానరు. దాని కింద నిలబడి సక్కుబాయి, “తప్పయింది బిడ్డా” అని చేతులు జోడించింది. కెజియా బిత్తరపోయి చూసింది. సంయుక్త మైకులో, ఎవరినీ రంగుతో పిలవకూడదనీ, నల్ల అనేది చెడ్డ మాటనీ చెప్పింది. పిల్లలు మళ్ళీ చప్పట్లు కొట్టారు. రామ్మోహనరావు గారి మనవడు కూడా కొట్టాడు.

మధ్యాహ్నం సక్కుబాయి బాత్రూములో నేల తుడుస్తుంటే కెజియా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“ఆయమ్మా, నీ మీద నాకు కోపం లేదు. ఇంకనుంచి నన్ను ఉత్త బంగారం అని పిలువు. నల్ల వద్దు, అది చెడ్డ మాట.” కాస్త ఆగి మళ్ళీ అడిగింది. “ఉత్త బంగారం అన్నా అది నేనేనని నీకు తెలుస్తుంది కదా?”

సక్కుబాయి తుడుపుకర్ర గోడకు ఆనించింది. తన తండ్రి పెట్టిన పేరులో సగం కోసి ఇవ్వడం ఆమెకు చేతకాలేదు. మిగతా సగం చెడ్డది కాదని చెప్పబోతే, అది ఎవరైనా విని మళ్ళీ ఏ గొడవ లేస్తుందోనని భయం వేసింది.

“క్లాసుకు పో, కెజియా” అంది.