చేదు సాయిబు గారి షీర్ ఖుర్మా

ఇష్తియాక్ గన్నవరం దగ్గర ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో ల్యాబ్ అటెండరు. తొంభైల చివర్లో అక్కడ పాఠాలు చెప్పే సీతారావమ్మ మేడమ్ నేలవేము మీద పీహెచ్‌డీ మొదలుపెట్టారు. నేలవేము అంటే చూడటానికి జానెడు మొక్క, నోట్లో పెట్టుకుంటే మాత్రం కళ్ళు తిరిగేంత చేదు. ఆ ఎండు మొక్కల బస్తాలు దింపుకోవటం, మిషన్లో వేసి పొడి కొట్టటం, ఆ పొడిని స్పిరిటులో నానబెట్టటం ఇష్తియాక్ పని.

పొడి కొట్టిన రోజు ఆ ధూళి అతని జుట్టులో, చొక్కాలో, గోళ్ళ సందుల్లో చేరి కూర్చునేది. సబ్బుకు లొంగేది కాదు. టీ తాగితే టీ చేదు, పాన్ వేసుకుంటే పాన్ చేదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కాసేపటికి పెదవులు తడుపుకుని, చేదు తగిలి అవతలికి జరిగేవారు. అతనుండే వించిపేటలో వీధివాళ్ళు చేదు సాయిబు అని పేరు పెట్టేశారు. అతను బాధపడలేదు సరికదా, కాస్త ఛాతీ విరుచుకునేవాడు.

"నవ్వండి, నవ్వండి. రేపు ఇదే బిళ్ళై వస్తే మీరే క్యూ కడతారు" అనేవాడు.

ఇంతా చేసి, ఇంట్లో కాకరకాయ వండిన రోజు అలిగి పెరుగన్నం తినే మనిషి అతను.

ఒక ఏడాది రంజాన్ పండుగ ముందు రోజు కాలేజీలో పొద్దుటినుంచీ పొడి కొట్టి, వస్తూ దారిలో జీడిపప్పు, కిస్మిస్, ఖర్జూరం కొన్నాడు. కాగితం పొట్లాలు చిరిగిపోతుంటే, పగలంతా ముక్కుకు కట్టుకున్న తువ్వాలులోనే అన్నీ కలిపి మూటగట్టాడు. భార్య ఖాసింబీ ఆ మూట విప్పి, ఉన్నవి ఉన్నట్టే నేతిలో వేయించి, పండుగకు చేసే సేమ్యాల పాయసం షీర్ ఖుర్మాలో వేసింది.

పండుగనాడు వచ్చినవాళ్ళంతా మర్యాదస్తులు. ఒక గుక్క తాగి, కళ్ళు పెద్దవి చేసి, "బాగుందండీ" అని గ్లాసు కింద పెట్టారు. పక్కింటి బసవయ్య గారు మాత్రం గ్లాసు ఖాళీ చేసి ఇంకోటి అడిగాడు. ఆయన రైల్వేలో రిటైరైన మనిషి. ఎప్పటినుంచో షుగరుంది.

"ఇందులో మీ కాలేజీ మందు కలిపావు కదూ! నా కోసమే కదూ!" అన్నాడు కళ్ళు చెమర్చి.

కాదని చెప్పాల్సిన చోట ఇష్తియాక్ చిరునవ్వు నవ్వాడు. అంతటితో ఆగినా బాగుండేది. "మా నేలవేముకి షుగరెంత, కామెర్లెంత, బసవయ్య గారూ" అన్నాడు.

వారం తిరక్కుండా వీధిలో సగం మంది మందు పాయసం కోసం రాసాగారు. ఖాసింబీ తలుపు తీసి తీసి విసిగిపోయింది. ఇష్తియాక్ మాత్రం పొంగిపోయి, సీతారావమ్మ గారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, ఒక కిలో పొడి ఇప్పించండి. మా పక్కింటి షుగరు పెద్దాయనతో మొదలుపెట్టి వీధిలో జనం బాగుపడుతున్నారు."

ఆవిడ కళ్ళజోడు తీసి అతనికేసి చూశారు. "ఎలుకల్లోనే ఇంకా ఏదీ తేలలేదు. మీ వీధిలో అప్పుడే బాగుపడిపోయారా?"

"చేదంటేనే మందు కదా మేడమ్!"

"తినడానికొస్తే మొక్క లేచి పారిపోలేదు కదా ఇష్తియాక్? పురుగూ పశువూ తనను తినకుండా చేదు పెట్టుకుంటుంది. అందుకే మన నాలుక కూడా చేదు తగలగానే ఉమ్మెయ్యమంటుంది. ఆ చేదులో మందు ఉండొచ్చు. మలేరియాకిచ్చే క్వినైన్ ఒక చెట్టు బెరడులోని చేదే. విషముష్టి గింజ కూడా చేదే, అది తింటే మనిషే మిగలడు. ఏది పనికొస్తుంది, ఎంతవరకు ఇవ్వొచ్చు అని తేల్చటానికే నేనిన్నాళ్ళుగా ఇక్కడ కూర్చున్నది. ఇంతకీ ఆయన షుగరు బిళ్ళలు వేసుకుంటున్నారా?"

ఇష్తియాక్‌కి ఆ సంగతి తట్టనే లేదు. సెలవు చెప్పి, దొరికిన బస్సెక్కి, తిన్నగా బసవయ్య గారింటికి వెళ్ళాడు. ఆయన కుర్చీలో వాలిపోయి మంచినీళ్ళ మీద మంచినీళ్ళు తాగుతున్నాడు.

"బిళ్ళలా? నీ మందుండగా అవెందుకయ్యా, పారేశాను" అన్నాడు.

ఇష్తియాక్ ఆయన్ని ఆటోలో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. షుగరు బాగా పెరిగిపోయి ఉంది. డాక్టరు చేత తిట్లు తిన్నది బసవయ్య గారైతే, తలొంచుకుని కూర్చున్నది ఇష్తియాక్. తిరిగొస్తూ ఆటోలోనే తువ్వాలు మూట సంగతి చెప్పేశాడు.

"అంటే నేను తాగింది ముక్కుగుడ్డా?" అన్నాడు బసవయ్య గారు. వించిపేట చేరేసరికి పడీ పడీ నవ్వుతున్నాడు. ఇష్తియాక్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే ఇంటింటికీ వెళ్ళి, మందూ లేదు మాకూ లేదు, ఎవరి బిళ్ళలు వాళ్ళు మానకుండా వేసుకోండని చెప్పొచ్చాడు.

కొన్నేళ్ళకు సీతారావమ్మ గారి పని పూర్తయింది. అన్ని బస్తాల నల్లటి పసరులోంచి చివరికి తేలింది గుప్పెడు తెల్లటి పలుకులు. అవి ఎలుకల కాలేయాన్ని కొంత కాపాడాయి. కానీ నీళ్ళలో కరగవు, కడుపులోంచి రక్తంలోకి సరిగ్గా చేరవు. మేడమ్‌కి డాక్టరేట్ వచ్చింది గాని బిళ్ళ రాలేదు. "దారి దొరికింది, ఊరింకా దూరం" అన్నారావిడ.

రెండువేల ఆరులో చికున్‌గున్యా వచ్చి ఊరంతా కుంటుతూ నడుస్తున్నప్పుడు ఇష్తియాక్ కూడా మంచమెక్కాడు. ఖాసింబీ ఎవరో చెప్పారని నేలవేము కషాయం కాచి తెచ్చింది. వాసనకే అతను గోడవైపు తిరిగాడు.

"దీన్ని ముందు ఎలుకలకిచ్చి చూశారా?" అన్నాడు.

"ఇంట్లో ఎలుకలు శుభ్రంగా తిరుగుతున్నాయి. మంచం మీదున్నది మీరు. తాగండి."

తాగాడు, నెలల తరబడి నొప్పులు పడ్డాడు, మెల్లగా లేచాడు. కషాయం వల్లేనని ఖాసింబీ, డాక్టరిచ్చిన బిళ్ళల వల్లనని అతను వాదించుకున్నారు. అతన్ని చూడటానికి వచ్చిన సీతారావమ్మ గారిని తీర్పు చెప్పమన్నారు.

"ఒక్క మనిషితో ఏం తేలుతుందమ్మా? వందమందికి ఇచ్చి, ఇంకో వందమందికి ఇవ్వకుండా చూడాలి" అన్నారావిడ.

"ఇవ్వకుండా చూసేవాళ్ళలో నా పేరు రాసుకోండి మేడమ్" అన్నాడు ఇష్తియాక్, చటుక్కున లేచి కూర్చుని.