తప్పినా చెప్తానన్న మా మేడం

మొన్న మంగళవారం పొద్దున మా మేడం పోయారని కడప నుంచి ఫోన్ వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో మాకు పాఠం చెప్పిన మనిషి. చదువయ్యాక నన్ను తన దగ్గరే ఉంచుకుని, బద్వేలు వైపు ఒక వాగుకు, మా మాటలో వంకకు, వరద ఎప్పుడొస్తుందో ముందే చెప్పే పనిలో పెట్టారు.

ఆ వంకకు కంప్యూటర్లో ఒక నమూనా కట్టాం. ఇంత వాన పడితే ఇంత నీరొస్తుందని అది లెక్కగట్టేది. వంతెనల కింద నీటిమట్టం కొలిచే సెన్సార్లు బిగించాం. కొలత వచ్చినప్పుడల్లా ఆ లెక్కను సరిదిద్దేవాళ్లం. "కంప్యూటర్ అనుకుంటాది, సెన్సార్ చూస్తాది. ఏ ఒక్కదాన్నీ నమ్మొద్దు, రెండిటినీ కొట్లాడనీ" అనేవారు మేడం, టీలో బిస్కెట్ ముంచుకుంటూ.

మొదటిసారి వరదొస్తుందని చెప్పాం. వంక పక్క కాలనీ అంతా మూటాముల్లెతో బడికి చేరింది. నీరు గట్టు దాటలేదు. సెన్సార్ కింద కంపచెట్టు చిక్కుకుంటే, అది దాన్నే నీరనుకుంది. ఊరంతా నవ్వింది. మేడం ఆ కాలనీకే వెళ్లి, ఎందుకు తప్పిందో అందరికీ చెప్పి వచ్చారు.

మరుసటి ఏడు తుఫాను వాన. కంప్యూటర్ భయం లేదంది. ఎగువ వంతెన సెన్సార్ మాత్రం నీరు ఎగబాకుతోందంది. ఈసారి రెండో వంతెన కొలత కూడా చూశాం. అదీ అదే మాట. రెండూ కలిపి మళ్లీ లెక్క వేస్తే, సాయంత్రానికి కాలనీ మునుగుతుందని తేలింది.

మేడం అక్కడి అధికారికి ఫోన్ చేశారు. "మళ్లా అదే పాటా మేడం? ఈసారి తప్పితే మీ సెన్సార్లు పీకేయిస్తా" అన్నాడాయన.

"పీకేయించండి సార్. ఈ పొద్దు జనాన్ని లేపండి. తప్పినా చెప్తా, నవ్వినా చెప్తా."

ఆయన కదల్లేదు. మేడమే కొంగు నడుముకు దోపుకుని వానలో ఇల్లిల్లూ తిరిగారు.

"పోయినసారి మమ్మల్ని ఊరికే తిప్పితివి గదమ్మా!" అంది ఒక అవ్వ.

"తిప్పితి. మళ్లా తిప్పుతాండా. లెయ్యవ్వా!"

అవ్వ నవ్వుతూ లేచింది. ఆమె వెనక వీధి కదిలింది. చీకటి పడకముందే వంక ఇళ్లలోకి వచ్చింది. గోడలు పోయాయి, మనుషులంతా మిగిలారు. ఒకసారి లెక్క తప్పాక మళ్లీ నోరు విప్పడం నేను నేర్చుకున్నది ఆ వీధిలోనే.

పోయిన వానాకాలం ఆస్పత్రిలో డాక్టరు, ఇంక కొన్ని నెలలేనని మేడంకే నేరుగా చెప్పాడు.

"అది నీ లెక్క నాయనా. నెలనెలా నన్ను చూసి దిద్దుకుంటా పో" అన్నారు మేడం.

చక్రాల కుర్చీ తెస్తే వద్దని, కమ్మీ పట్టుకుని మెట్లన్నీ దిగారు. బయట చినుకులు మొదలయ్యాయి. నేను గొడుగు తెరిచేలోపే ఆమె తలెత్తుకుని ఆ చినుకుల్లోకి నడిచారు.