రంగూన్ శాంతమ్మ చెప్పిన జాగ్రత్తలు

ఆస్పత్రిలో నర్సు నా చేతికి స్పిరిట్ దూది రాసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ చల్లదనం తగలగానే ఎమ్మిగనూరు బస్సు, అందులో నా పక్కన కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేసిన రంగూన్ శాంతమ్మ గుర్తొస్తుంది. ఆదోనిలో మా పక్కిల్లే ఆమెది. జిన్నింగు మిల్లులో పత్తి ఏరేది. యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు కొండలూ అడవులూ నడిచి ఇల్లు చేరిన మనిషి. మా వీధి మొత్తానికీ సముద్రం చూసింది ఆమె ఒక్కతే.

యాభైల్లో, నాకు పెళ్లయిన రెండో ఏడు, రంగూన్ రేవులో పనిచేసే మా ఆయన నన్ను రమ్మని ఉత్తరం రాశాడు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. అక్కడ తిరుగుబాటుదార్లు రైలు పట్టాలు పేల్చేస్తున్నారట అని అమ్మ గుండెలు బాదుకుంటుంటే, నేను శాంతమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆమె పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. "ఏమేమి తీసుకపోతావో మూట కట్టుకొని రా పాపా" అంది.

ఆమె పద్ధతి అది. మూట నెత్తిన పెట్టుకుని వీధి మూడు చుట్లు తిరగాలి. రొప్పు వస్తే ఒక వస్తువు తీసేయాలి. జనం అరుగుల మీద కూర్చుని వేడుక చూశారు. మొదటిరోజు ఇత్తడి బిందె పోయింది, రెండోరోజు రోకలి. ఆ తర్వాత ఆమె రంగూన్ రేవులో దిగినవాళ్లను ప్రశ్నించే ఆఫీసరు అవతారం ఎత్తింది.

"ఎందుకు పోతాండావు?"

"మా ఆయన ఆడ రేవులో పనిచేస్తాడు సార్. జీతం బాగుంటాదంట, ఇంకా..."

"ఆపు! అడిగిందానికే సెప్పు. ఆఫీసరు నీకు సుట్టమా?"

ఓడలో ఎవరిచ్చిన పొట్లమూ పుచ్చుకోవద్దు, ఏ పార్టీ మంచిదన్న దాని మీద నోరెత్తవద్దు, పట్నం దాటి రైలెక్కవద్దు. ఇవన్నీ బుర్రకెక్కించి, ఆఖరున ఒక మాట అంది: "నేను సెప్పేది పదేండ్ల కిందటి రంగూను. దిగినాక నిన్నామొన్నా ఆడ తిరిగినోళ్లను అడుగు. నా మాటే పట్టుకొని కూసోవద్దు." తనకు తెలియనిది తెలియదని అంత నిబ్బరంగా చెప్పిన పెద్దవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ప్రయాణం రోజు వచ్చింది. సాయంత్రం మద్రాసు రైలు. పొద్దున్నే అమ్మ నా కాగితాలు దేవుడి ముందు పెట్టి, కొత్తబట్టకు పెట్టినట్టు నాలుగు మూలలా తడి పసుపు అద్దింది. కలరా సూది కాగితం మీద డాక్టరు ముద్ర సరిగ్గా మూలనే ఉంది. అది కరిగి ఊదారంగు మరకైంది. ఆ కాగితం లేనిదే ఓడ ఎక్కనివ్వరు. ఆ ఓడ తప్పితే బర్మావాళ్లిచ్చిన పర్మిట్ గడువు దాటిపోతుంది. నేను బావురుమన్నాను. అమ్మ నాకంటే గట్టిగా ఏడ్చింది.

శాంతమ్మ వచ్చి కాగితం చూసింది. "పసుపు కాగితానికి గాదక్కా, పోయే బిడ్డకు పెట్టు" అని అమ్మతో అని, నా రెక్క పట్టుకుంది. "లే! డాక్టరు ఈ దినం ఎమ్మిగనూరు సంతలో సూదులు ఏస్తాండాడు."

బస్సులో కూడా ఆఫీసరు ప్రశ్నలు ఆగలేదు. నూలు మూటలతో ఎక్కిన నేతగాళ్లు నాకంటే ముందు జవాబులు చెప్పేశారు. అందరం కలిసి రంగూన్ పోతున్నంత సంబరం! డాక్టరు పసుపు కాగితం చూసి తిట్టాడు, తర్వాత నవ్వాడు. "రిజిస్టరులో నీ పేరుందిలే. ఇంకో సూది వేసి కొత్త కాగితం రాస్తాను, చెయ్యి చాపు" అన్నాడు.

"రెండేసినా సరే సార్" అన్నాను. సంతంతా నవ్వింది.

రైలు కదలడానికి ముందు ఆదోని స్టేషనుకు చేరాం. అమ్మ అక్కడ ట్రంకుపెట్టెతో నిలబడి ఉంది. శాంతమ్మ తీయించినవన్నీ అందులో సర్ది, మేం చూస్తుండగానే రైల్లోకి ఎక్కించేసింది కూడా. నేను రైలెక్కి కూర్చున్నాను. శాంతమ్మ కిటికీ దగ్గరకొచ్చి, ఎప్పుడూ చెప్పని సంగతి మెల్లగా చెప్పింది.

"సామాన్లు అమ్ముకొని పోదాము, రెండు దినాలు ఆగు అన్నాడు మా ఆయన. ఆగినాము. ఓడలు ఐపోయినాయి. నడిసినాము. నేనొక్కదాన్నే వచ్చినా. నీకు బయం పుట్టిన దినమే బయల్దేరు పాపా. ఆయన ఆగుదామంటే సెయ్యి పట్టుకొని గుంజుకొని రా."

రైలు కూత వేసింది. నేను లేచి ఆ ట్రంకును తలుపులోంచి ప్లాట్‌ఫారం మీదికి తోసేశాను. బిందె గణగణమంది. అమ్మ "అయ్యో" అంది. శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ ఏడ్చింది.

రంగూన్ రేవులో ఆఫీసరు కొత్త కాగితం చూసి తలూపాడు. మా ఆయన ఎదురొచ్చి, సామానేదీ అని అడిగాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా గొడవలున్న చోటికి బయల్దేరుతున్నామని నన్ను సలహా అడిగితే, మీ ఇద్దరిలో ఆగుదామనే మనిషి ఎవరని కనుక్కుంటాను. ఆ మనిషిని ముందు కూర్చోబెట్టుకుని శాంతమ్మ సంగతి చెబుతాను.