బిల్లు తేలేదాకా

మా బావ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను రాజాంలో మా కొట్టులో ఒక రైతుకి వరి విత్తనం తూస్తున్నాను. ఫోను చేసింది మా అక్క. "తమ్ముడా, మీ బావ లెగట్లేదురా" అంది ముందు. ఆ వెంటనే "పోనాడురా" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. పాలు విరిగిపోయాయని చెప్పినట్టు చెప్పింది. నేను "సరే, వస్తన్నాను" అని ఫోను జేబులో పెట్టుకున్నాను. తూకం సరిపోయేదాకా చూసి, సంచి మూతి కుట్టి, రైతు భుజానికెత్తాను.

"ఎవలు బాబూ ఫోను?" అనడిగాడు ఆయన.

"మా బావ పోయాడు" అన్నాను.

ఆయన సంచి కిందికి దించేసి నా మొహంలోకి చూశాడు. ఆ చూపు చూశాక గానీ కొట్టు మూయాలన్న సంగతి నాకు తోచలేదు.

అప్పట్నుంచి ఇప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. అన్నం తింటున్నాను, బేరం చేస్తున్నాను, ఎవరైనా జోకేస్తే నవ్వుతున్నాను కూడా. లోపల ఉన్నదల్లా కోపం. ఆ కోపం చనిపోయిన మనిషి మీద. అది ఎందుకో మీకు చెప్పాలంటే ఆయన ఎలాంటి మనిషో ముందు చెప్పాలి.

బావది చీపురుపల్లికి దగ్గర ఊరు. మా వైపు చాలా ఊళ్ళలో లాగే అక్కడా మగపిల్లలు మీసాలు రాకముందే మిలట్రీ సెలక్షన్ల కోసం పరుగులు మొదలుపెడతారు. బావా అలాగే పరిగెత్తి వెళ్ళాడు. తుపాకీ పట్టుకుని ముందు వరసలో నిలబడిన సిపాయి కాదు. లారీలు బాగుచేసే విభాగంలో పనిచేసి, హవల్దారుగా రిటైరై, యాభై నిండకుండానే ఇంటికొచ్చేశాడు. వచ్చాక వ్యవసాయం చూసుకున్నాడు. ఒక్కతే కూతురు, భోగాపురం దగ్గర ఊరికి ఇచ్చారు.

ఆయన బండి ఎక్కడ ఆపినా మూతి రోడ్డు వైపు ఉండాల్సిందే. తన బండి ఒక్కటే అయితే ఎవరికీ బాధ లేదు. మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకి చుట్టాలందరూ బళ్ళు ఎక్కడివక్కడ పెట్టేసి భోజనాలకి కూర్చున్నారు. వాళ్ళు లేచి వచ్చేసరికి బళ్ళన్నీ వెనక్కి తిరిగి, వరసలో, రోడ్డుకేసి చూస్తున్నాయి. ఎవరి బండి ఏదో తెలియక ఒకటే గోల. బావ చొక్కా తడిసిపోయి ఓ మూల నిలబడి ఉన్నాడు. ఫోటోల్లో ఎక్కడా లేడు. "ఏం బావా, మా ఇంటి మీదికి శత్రువులొస్తున్నారా?" అని ఏడిపించాను. "వచ్చీవోడు నీకు సెప్పి వస్తాడేట్రా?" అన్నాడు.

నవ్వే వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నేను ఇవాళ కొట్టు నడుపుకుంటున్నానంటే అది ఆయన చలవే. ఒక ఏడు తుఫాను వస్తుందని టీవీలో చెప్పారు. మా రాజాంలో మబ్బు కూడా లేదు. బావ బండేసుకుని వచ్చి, కొట్టులో బస్తాలన్నీ బల్లల మీదికి ఎత్తించాడు. నా నడుము విరిగింది. "వస్తాదని నమ్మకం ఏటి బావా?" అని విసుక్కున్నాను. "రావడం, మానడం దాని ఇష్టం. బస్తాలెత్తడం మన ఇష్టం. నువ్వు నీ వంతు సెయ్యి" అన్నాడు. ఆ మర్నాడు కొట్టులోకి మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చాయి. పక్క కొట్టువాళ్ళ విత్తనాలు సంచుల్లోనే మొలకెత్తాయి. మావి ఎత్తున పొడిగా ఉన్నాయి. ఆ మాట ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, నేనే ఎత్తుతుండేవాణ్ణి.

"సగం ట్యాంకంటే ఖాళీ ట్యాంకే" అన్నది ఆయన ఇంకో మాట. ఇది ఊరికే పుట్టిన మాట కాదు. ఆయన సెలవు మీద ఇంటికొచ్చి కోతల్లో ఉండగా ఒకసారి సెలవు రద్దని కబురొచ్చింది. యూనిట్ సరిహద్దుకి కదులుతోంది. బావ పొలంలోంచి అట్నుంచటే బయల్దేరాడు. చీపురుపల్లి స్టేషనుకి వెళ్ళే దారిలో బండిలో పెట్రోలు అయిపోయింది. నెట్టుకుంటూ స్టేషను చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైలుకి వెళ్ళేసరికి యూనిట్ కదిలిపోయింది. యుద్ధమేమీ జరగలేదు, వెళ్ళినవాళ్ళంతా నిక్షేపంగా తిరిగొచ్చారు. ఎవరూ ఈయన్ని పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆయనకి అది ముల్లులా ఉండిపోయింది. "పేరు పిలిసినపుడు పలకనేదురా నాను" అని, మందు తాగే అలవాటు లేని మనిషి, మామూలు పగటిపూట, టీ తాగుతూ అనేవాడు.

అలాంటి మనిషికి ఆ బిల్లు వార్త కనపడింది. సైన్యం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలంటే ఏం చెయ్యాలో చెబుతూ పార్లమెంటులో ఒక సభ్యుడు బిల్లు పెట్టబోతున్నాడని పేపర్లో ఓ మూల వేశారు. మూలపడిన బళ్ళనీ ఆయుధాలనీ ఎప్పటికప్పుడు బాగుచేసి ఉంచడం, రిటైరైన వాళ్ళలో ఫలానా వయసు దాటని, ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళని పిలిచి ఏటా కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చి, అవసరానికి అట్టేపెట్టుకోవడం, ఇదీ దాని సారం. బావ వయసు ఆ గీతకి ఇవతలే ఉంది. ఆ ముక్కే ఆయన కొంప ముంచింది.

నేను పేపరు చదివేవాణ్ణి కాబట్టి చెప్పాను. "బావా, ప్రభుత్వం పెట్టే బిల్లు వేరు, ఒక సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు వేరు. ఇలాంటివి చర్చకి కూడా రావు. వచ్చినా నెగ్గవు" అన్నాను.

"పిలవడం ఆల వంతు, సిద్దంగా ఉండడం మన వంతు" అన్నాడు. మర్నాటి నుంచి పొద్దున్నే చెరుకు తోటల పక్క దారిలో పరుగు మొదలుపెట్టాడు.

ఆయన ఒక్కడే అయితే సరే. ఊరంతా ఇంకో మెట్టు పైకెక్కింది. ఆ ఊళ్ళో మిలట్రీకి వెళ్ళేవాణ్ణి సాగనంపడం ఒక ఆచారం. డప్పు కొట్టించి, దండ వేసి, రోడ్డు దాకా తీసుకెళ్తారు. పెళ్ళాం గానీ తల్లి గానీ నిండు బిందెతో ఎదురు రావాలి. అలా ఎదురొచ్చాక వెనక్కి తిరిగి ఇంటికి రాకూడదు, అరిష్టం. రిటైరైన వాళ్ళని పిలుస్తారట అన్న మాట వీధి చివరికి చేరేసరికి పిలిచేశారట అయింది. ఎరువుల బస్తాలు దింపించడానికి నేను వెళ్ళిన రోజే డప్పులు మోగుతున్నాయి. మాజీ సైనికులందరూ దండలేసుకుని నిలబడ్డారు, వాళ్ళలో మా బావ.

"ఎక్కడికి బావా?" అనడిగాను.

"ఎక్కడికీ నేదురా. బిల్లంటే సట్టం కాదని సెప్పాను. ఇనట్లేదు. ఆలు పంపుతన్నారు, నాను నిలబడ్డాను" అన్నాడు. ఆ మొహంలో సంతోషం దాచుకోలేకపోయాడు.

అక్క నిండు బిందెతో ఎదురొచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇక వెనక్కి తిరగడానికి లేదు. బస్సు రాగానే వీళ్ళంతా ఎక్కక తప్పింది కాదు. దండలతోటే చీపురుపల్లిలో దిగి, టీలు తాగి, బజారంతా తిరిగి, సాయంత్రానికి ఒక్కొక్కళ్ళూ చేల గట్లమ్మట ఊళ్ళోకి దిగారు. బావని చూసి అక్క పడీ పడీ నవ్వింది. "పొద్దున్నెల్లి సందేలకి వచ్చీ మిలట్రీ అయితే రోజూ ఎల్లయ్యా, నానేటీ అనను" అంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన వెళ్ళడమే చూసింది పాపం. ఆ సాయంత్రం లాంటి సాయంత్రం ఆమెకి ముందెన్నడూ దొరికుండదు.

ఆ తర్వాతే నొప్పి బయటపడింది. పరుగులో ఛాతీ పట్టేసి గట్టు మీద కూర్చుండిపోయాడట. అక్కా నేనూ బలవంతాన విజయనగరం తీసుకెళ్ళాం. డాక్టరు పరీక్షలు చేసి, గుండెకెళ్ళే నాళం పూడిపోతోంది, స్టెంటు వెయ్యాలి, వాయిదా వద్దన్నాడు. బావ అడిగిన ప్రశ్న ఒకటే.

"అది ఏసుకున్నాక ఫిట్టని రాస్తారా బాబూ?"

"మీ పనులన్నీ చేసుకోవచ్చు. సైన్యం వాళ్ళు ఏం రాసుకుంటారో నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు. నిజాయితీ గల మనిషి. ఒక అబద్ధం ఆడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

బావ చొక్కా గుండీలు పెట్టుకుని లేచాడు. ఆస్పత్రి మెట్ల మీదే అక్క పట్టుకుంది.

"ఇదిగో, నాకు సరిగ్గా సెప్పు. సేయించుకుంటావా, సేయించుకోవా?"

"సేయించుకోననలేదు. బిల్లు తేలనీ. ఇప్పుడు కోయించుకున్నాననుకో, రేపు పిలిస్తే ఏటని సెప్తాను? మొదట్లోనే పక్కకి తోసేస్తారు."

"పిలవరు బావా" అన్నాను నేను.

"పిలవకపోతే మంచిదే. ఈసారి సమావేశాలు అయిపోనీ. బిల్లు రానేదనుకో, నానే వచ్చి బల్ల మీద తొంగుంటాను. మీ అక్క మీద ఒట్టు."

ఒట్టు వేశాక ఇంకేం అనగలం? ఆయన ఒట్టు తప్పే మనిషి కాదు. పైగా సమావేశాలు ఇంకెంతో కాలం లేవు. నేను అరిచాను, బతిమాలాను, కూతురు చేత ఫోనులో ఏడిపించాను. మాత్రలు వేసుకుంటానన్నాడు, వేసుకున్నాడు. పరుగు మానేసి నడుస్తానన్నాడు, నడిచాడు. అక్క అప్పట్నుంచి సీరియళ్ళు మానేసి వార్తలు పెట్టుకుని కూర్చునేది. అక్షరం ముక్క రాని మనిషి పార్లమెంటు ఎప్పుడు మొదలైందో, ఎవరు గోల చేశారో, ఎందుకు వాయిదా పడిందో నాకు చెప్పేది. "ఈ గోలలాపి బేగి తేల్సరేట్రా ఆలు?" అని నన్ను నిలదీసేది. వాళ్ళని నేనే పంపినట్టు.

సభ వాయిదాల మీద వాయిదాలు పడింది. తుఫాను కోసం బస్తాలెత్తించిన మనిషి, ట్యాంకు ఎప్పుడూ నిండా ఉంచిన మనిషి, తన ఒంట్లోని దాన్ని మటుకు అలా వదిలేశాడు. దేశం సిద్ధంగా ఉండాలంటే ఎవరెవరు ఏం చెయ్యాలో ఆ బిల్లులో బోలెడు రాశారట. దాని కోసం ఒక మనిషి చావుని పక్కన పెట్టుకుని కాచుక్కూర్చుంటాడని రాసినవాడికి తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. ఆ రాసినవాణ్ణి తప్పుపట్టలేను. బావనే తప్పుపడతాను. అదీ నా కోపం.

ఆ రోజు పొద్దున్న నడకకని అరుగు మీద కూర్చుని ఒక బూటు లేసు కట్టుకున్నాడు. రెండోది కట్టుకోవడానికి వంగాడు. అక్క పెరట్లోంచి వచ్చేసరికి ఇంకా వంగే ఉన్నాడు. పిలిచింది, పలకలేదు.

నేను వెళ్ళేసరికి మాజీ సైనికులంతా వచ్చేశారు. వరసలో నిలబడి సెల్యూట్ చేశారు. వాళ్ళలో ఒకాయన పొట్టతో, ఒకాయన చేతికర్రతో. మామూలప్పుడైతే నాకు నవ్వొచ్చేది. ఏమీ రాలేదు. పాడె మోశాను, నడిచాను, నీళ్ళు పోసుకున్నాను. అక్క కూడా చెయ్యమన్నవన్నీ చేసింది, పెట్టింది తింది, అడిగినదానికి జవాబు చెప్పింది. చుట్టాలు "ధైర్యంగా ఉందమ్మా" అని మెచ్చుకున్నారు. ధైర్యం కాదది. నాకు తెలుసు, నేనూ ఆ మొద్దుతనంలోనే ఉన్నాను.

ఇంతకీ ఆయన మాకేం నేర్పాడని అడిగితే, రేపటికి భయపడకుండా రేపటి పని ఇవాళే చెయ్యడం నేర్పాడు. ఆ మేలు మరిచిపోను. రాజాంలో మబ్బు పట్టినప్పుడల్లా బస్తాలెత్తిస్తూనే ఉంటాను.

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలందరూ వెళ్ళిపోయారు. మేనకోడలు, అక్క, నేను మిగిలాం. అక్క అలవాటు కొద్దీ టీవీ పెట్టింది. పార్లమెంటు ఉభయసభలూ నిరవధికంగా వాయిదా పడ్డాయని, ఈ సమావేశాల్లో చర్చకి రాకుండా మిగిలిపోయిన బిల్లులు ఇవీ అని చెబుతున్నారు. బావ బిల్లు పేరు కూడా చదివారు. అక్క చివరిదాకా విని, నా వైపు తిరిగింది. కర్మల రోజుల్లో ఎప్పుడూ లేని కళ మొహంలోకి వచ్చింది.

"తేలిపోనాది తమ్ముడా. ఒట్టేసినాడు కదా, ఇంక కాదనడు. డాక్టరుబాబుకి ఫోన్ సెయ్యి, రేపే తీసుకొచ్చెస్తామని సెప్పు."

మేనకోడలు అన్నం కంచం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. నేను ఫోను తీసి చేతిలో పెట్టుకున్నాను. నేను డాక్టరుతో ఎప్పుడు మాట్లాడతానా అని అక్క చూస్తోంది.