తొక్కకూడని నడుము

1949. జనగామ సర్కారు దవాఖానలో నేను కంపౌండర్‌ని. డాక్టరు రాసిన మందులు కలపడం, కట్లు కట్టడం నా పని. సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. దళాలు అడవుల్లో ఉన్నాయి. దవాఖాన గేటు దగ్గర ఇద్దరు జవాన్లు కూర్చుని, వచ్చేవాళ్ల ఊరూ పేరూ రాసుకునేవారు.

ఒక మధ్యాహ్నం డాక్టరు భోజనానికి వెళ్లినప్పుడు, పక్క పల్లె నుంచి సోమక్క వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. నడుము నొప్పి అంది.

"ఎక్కడ నొస్తుందక్కా?"

"నడుం కింద. ఎడమకాలు పిక్క దాంక గుంజుతది. పాదం మొద్దుబారింది."

నడుము దగ్గర నరం నొక్కుకుపోయి, నొప్పి కాల్లోకి దిగితే సయాటికా అంటారు. ఆమె చెప్పింది అచ్చం అదే. ఇంతలో నా చేతిలోని సీసా మూత జారి బల్ల కిందికి దొర్లింది. ఆమె టక్కున వంగి తీసిచ్చింది.

"నొప్పి నీకు కాదు గదా?"

ఆమె గేటు వైపు చూసింది. "మెల్లగ మాట్లాడు సారూ."

నొప్పి ఆమె పెనిమిటి రాజయ్యది. దళంలో చేరి మానుకోట అడవుల్లో ఉన్నాడు. నడుం పట్టింది, వచ్చి తొక్కిపొమ్మని మనిషితో కబురు పంపాడు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు విడుస్తుందని మా వైపు నమ్మకం. సోమక్క అట్లా పుట్టింది. పెళ్లయిన నాటి నుంచి అతని నడుముకు ఆమె పాదాలే మందు.

"పద్నాలుగు నెలలైంది సారూ, మొఖం చూసి. ఒక్కనాడన్న రమ్మన్లేదు. నడుం పట్టినంకనే నేను యాదికొచ్చిన," అని నవ్వింది. "కాలు మొద్దుబారిందంటే జర భయమైంది. తొక్కొచ్చునా?"

"తొక్కొద్దక్కా. నరం నలిగితే కాలు పడిపోతది. దవాఖానకు తీసుకరా."

"ఆ, తీసుకొస్త! గేటు కాడ అల్లుడు లెక్క కూసోబెట్టి మర్యాద చేస్తరు మరి!"

కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "తొక్కొద్దంటే ఇగ నేను పోవుడెందుకు? కబురంపితే సాలు."

నేను గాడా అనే ముతక గుడ్డ చించి బైండర్ తయారుచేశాను. నడుము కదలకుండా చుట్టే వెడల్పాటి పట్టీ అది. "ఇది కబురుతోటి అయ్యే పని కాదు. నేర్సుకున్నోళ్లే కట్టాలె," అన్నాను. నిజానికి చెబితే ఏ తోటి దళసభ్యుడైనా కట్టగలడు. ఆ మాట నేను అనలేదు.

నా నడుముకే మూడుసార్లు కట్టి నేర్చుకుంది. "ఊపిరి ఇడువు సారూ, గట్ల బిగవట్టినవేంది!" అని కసిరింది కూడా. పది రోజులు గట్టి నేల మీద పడుకోవాలనీ, బరువు ఎత్తొద్దనీ, మూత్రం ఆగిపోతే మాత్రం ఏమైనా సరే ఏదో ఒక దవాఖానకు చేర్చాల్సిందేననీ చెప్పాను. మర్నాడు మానుకోట రైలెక్కింది.

రెండు నెలల తర్వాత మళ్లీ కనిపించింది.

"తొక్కలేదు సారూ. శానా తిట్టిండు. 'ఇంత దూరమొచ్చి గుడ్డపీలిక కడ్తవా' అని ఒక పూటంత అలిగిండు. పన్నెండు దినాలు ఆడనే ఉన్న. పొద్దున కట్టిన, మాపటికి ఇప్పిన."

"ఇప్పుడెట్లున్నడు?"

"నడుస్తుండు. నడవొచ్చిందని భూపాలపల్లి అడవులకు పంపిండ్రు. ఆడికెల్లి గోదారి దాటి పోయిండట. నడవరాకుంటే ఏ చుట్టాలింట్లనో దాసెటోళ్లు. నేను పొయ్యి సూసుకునేదాన్ని."

ఆమె తల వంచుకుని అంది: "తప్పు జేసిన సారూ. ఒక్కో దినం జర వదులు కట్టిన."

తర్వాతి రోజుల్లో పత్రిక విలేఖరినై దళాల గురించి ఎన్నో వార్తలు రాశాను గానీ ఇది రాయలేదు. దవాఖానలో ఉన్నన్నాళ్లూ బైండర్ కట్టడం చాలామంది ఇంటివాళ్లకు నేర్పాను. వదులుగా కట్టి తీసుకొస్తే అంతకుముందు కోప్పడేవాణ్ణి. సోమక్క తర్వాత ఎవరినీ ఏమీ అనలేదు. విప్పి, మళ్లీ కట్టి చూపేవాణ్ణి.