వదినకు చెప్పిన మంచి పురుగుల కథ

మా వదిన పోయింది. ఆదివారం పొద్దున్నే ధర్మవరం నుంచి మా అన్న కూతురు ఫోన్ చేసి, "చిన్నాయనా, అమ్మ లేదు" అని, ఆ పైన మాట్లాడలేకపోయింది. జబ్బు పెద్దదని అందరికీ తెలుసు. అందరికీ తెలియంది ఒకటుంది. అది నా నోటి సంగతి.

హిందూపురం బెల్లం మండీలో తూకాలు వేస్తూ ముసలివాణ్ణయ్యాను. బడిలో చదివింది అయిదు వరకే. తక్కిన చదువంతా బొరుగులు కట్టిచ్చిన కాగితాలదే. పొట్లం చిరగకుండా విప్పడం ఒక విద్యండీ. బొరుగులు నేలపాలైనా ఫరవాలేదు, అక్షరం తెగకూడదు. అయినా తెగేది. చాలా సంగతులకు మొదలు దొరికేది గానీ చివర దొరికేది కాదు. ఆ చివర నేనే అతికించేవాణ్ణి. తర్వాత పేపరు కొనుక్కునే స్తోమత వచ్చినా, అతికించే అలవాటు పోలేదు.

వదినది పెనుకొండ. అన్న పోయాక ఒక్కతే ఉండేది. నేను వెళితే చెంబుతో నీళ్లిచ్చి, చెనక్కాయలు ముందేసుకుని కూర్చునేది. "ఏమబ్బా, ఈ వారం లోకంలో ఏమైంది?" అనేది. చంద్రుడి మీద నీళ్లున్నాయట వదినా అంటే, "ముందు మన రొద్దం బావుల్లో ఉండాయేమో చూడమను" అనేది. నేనెంత గొప్ప సంగతి చెప్పినా ఆమె చేతులు కాయలు ఒలుస్తూనే ఉండేవి. "చెవులకు పనుంటే చేతులకు సెలవా?" అనేది.

వదినకు కడుపులో క్యాన్సర్ గడ్డ అన్నారు. బెంగళూరులో మందు ఎక్కించడం మొదలైంది. ఆ రోజుల్లోనే పేపర్లో ఒక సంగతి చదివాను. గడ్డ నడిమధ్య గాలి ఆడదట. మందు కూడా అక్కడికి సరిగా చేరదట. కానీ కొన్ని రకాల బ్యాక్టీరియాకు అలాంటి చోటే ఇష్టమట. హాని చేయని వాటిని ఏరి, గడ్డను చంపే మందు ఎలా తయారుచేయాలో చెప్పే జన్యువును వాటితో లోపలికి పంపిస్తారట.

"పురుగుల్ని ఒంట్లోకి ఎక్కిస్తారా?" అంది వదిన.

"పెరుగులో ఉండేవి మాత్రం ఏంటివి వదినా? ఇవీ మంచివే. చీమకు బెల్లం యాడుందో ఎవరన్నా చెప్తారా? అట్లే పోతాయి."

"మండీలో కూచున్నోనికి అన్నీ చీమలూ బెల్లమే! సరే, పనైపోయినంక అవి బయటికెట్ల వస్తాయి?"

"రావు. యాంటీబయాటిక్ మాత్రలిచ్చి చంపేస్తారు."

అప్పుడు చూశాను. ఆమె చేతులు ఆగిపోయి ఉన్నాయి. పేపర్లో ఇంకో మాట కూడా ఉంది. ఇదంతా ఎక్కువగా ఎలుకల మీద చేసిన పని, మనుషులదాకా రావడానికి ఇంకా చాలా కాలం పడుతుందని. ఈసారి చివర నా చేతిలోనే ఉంది. ఆమెకు చదివి వినిపించలేదు.

మరోసారి మందు ఎక్కించుకుని వచ్చాక ఆమెకు జ్వరం పట్టుకుంది. కారులో హిందూపురం ఆసుపత్రికి తెస్తున్నాను. సోమందేపల్లి దాటాక నా చెయ్యి పట్టుకుని, రహస్యంలా చెప్పింది: "బెంగళూరులో ఇచ్చిన మాత్రలు నేను మింగలేదబ్బా. జ్వరం రాకుండా అని ఇచ్చినారు గానీ, యాంటీబయాటిక్ అంట. మింగితే మన పురుగులు సచ్చిపోవూ? పాపం, అవింకా పని మొదలుపెట్టిండవు."

బెంగళూరులో తనకు ఎక్కించింది ఆ పురుగుల్నే అనుకుంది. నేను అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. వెంటనే సూదులు వేశారు. జ్వరం తగ్గింది. ఆమెను తీసుకుపోయింది గడ్డేనని, ఆ జ్వరం కాదని ఆయనే మొన్న ఫోన్లో అన్నాడు. ఆ మాట పట్టుకుని పడుకుందామంటే నిద్ర రావడం లేదు.

వదిన లేచి కూర్చోగలిగిన రోజు నిజం చెప్పేశాను.  "ఎలకలన్నా బాగైనాయా?" అని అడిగింది.

"కొన్ని బాగైనాయంట."

"పోనీలే. వాటికీ పిల్లలుంటాయి" అంది. కోప్పడితే తట్టుకునేవాణ్ణి.

ఆ తర్వాత పెనుకొండ వెళ్లడం తగ్గించాను. వెళ్లినా ఏమీ చెప్పేవాణ్ణి కాదు. "ఏమబ్బా, పేపరోళ్లు రాయడం మానుకున్నారా?" అనేది. ఏమీ లేదు వదినా అనేవాణ్ణి. ఉండేది. ఆ పురుగుల గురించే ఇంకో ముక్క వచ్చింది, జేబులో పెట్టుకునే వెళ్లాను. అది ఆశ పెట్టేది కాదు, తుంచేదీ కాదు. ఉన్నదున్నట్టు చదివితే సరిపోయేది. ఆమె అడిగింది కూడా అంతే. నా నోటి మీద నాకే నమ్మకం పోయిందని నేను మూసుకుంటే, ఆమె ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఈ లెక్క ఇప్పుడు అర్థమవుతోంది.

ఆఖరిసారి చూసినప్పుడు ధర్మవరంలో కూతురింట్లో మంచం మీద ఉంది. మనిషి సగమైంది. నన్ను చూసి, గోడ పట్టుకుని మెల్లగా అవతలికి జరిగింది. పక్కన చోటు చేసి, అరచేత్తో దుప్పటి సర్దింది.

"బస్సుకు టైమైంది వదినా" అన్నాను, గడప దగ్గరే నిలబడి.

ఆమె చెయ్యి ఆ ఖాళీ చోటు మీదే ఉంది.