ఎడమ తలుపులో స్పీకరు

కారులో పాట గరగరమంటోందని ఈ రోజు మా ఆవిడతో కలిసి గుండుగొలను నుంచి ఏలూరు వెళ్లి, మెకానిక్‌కి చూపించాను. రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండులో కొన్న పాత కారు. కొన్న వారంలోనే, ఎడమ సీటులో కూర్చున్న ఆవిడ "పాట సరిగా వినపడట్లేదండీ" అంది. స్టీరింగు దగ్గర నాకు బాగానే వినపడుతోంది. పాపం, చెవుడు మొదలైందనుకున్నాను. అప్పటి నుంచీ ఇంట్లో ఏ మాటైనా గట్టిగా, రెండేసి సార్లు చెబుతున్నాను.

మెకానిక్ ఎడమ తలుపు జాలీ విప్పి, "ఇందులో అసలు స్పీకరే లేదండీ, ఉత్త కన్నం" అన్నాడు.

ఆవిడ వైపు తిరిగి "అయితే నీకు చెవుడు లేదా?" అన్నాను.

"ఎప్పుడూ లేదండీ."

"మరి చెప్పవేం?"

"పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు నాతో నాలుగు మాటలు మాట్లాడింది ఈ రెండేళ్లేనండీ. చెబితే మానేస్తారని ఊరుకున్నాను."

కుడి తలుపులో గరగరమనేదాన్ని బాగుచేసి, ఎడమ తలుపులో కొత్త స్పీకరు బిగించాడు. వచ్చేటప్పుడు పాట రెండు పక్కలా చక్కగా వచ్చింది. దెందులూరు దాటాక నేనే ఆపేశాను. ఏం మాట్లాడాలో తోచక, "ఈ ఏడు చేలు బాగున్నాయి" అన్నాను, గట్టిగానే. ఆవిడ నవ్వింది.

రేపటికి ఇంకో మాట కావాలి. మీరంతా ఇళ్లలో ఏం మాట్లాడుకుంటారో కాస్త చెబుదురూ.